బొగ్గుల మీద పిజ్జా

బ్రాడీపేట, గుంటూరు

చిరంజీవి చిన్నాకి, అమ్మ ఆశీస్సులు.

మొన్న ఫోన్లో నువ్వు హడావుడిగా అడిగావు, నేనూ హడావుడిగానే చెప్పాను. డాబా మీద కొత్త గ్రిల్లు పెట్టి పిజ్జా చేస్తే అడుగు మాడిపోయిందనీ, పైన చీజ్ కరగనే లేదనీ, పిల్లలు మొహాలు చిన్నబుచ్చుకున్నారనీ అన్నావు. అప్పటినుంచీ నా మనసు దాని మీదే ఉంది. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

పచ్చి పిండి మీద సాస్, చీజ్, కూరగాయలు అన్నీ పరిచేసి, నిప్పుల మీద పెట్టేశావు. గ్రిల్లుకి ఆ వరస పనికిరాదు నాన్నా. ఇటలీలో నేపుల్స్ అనే ఊళ్లో వాళ్ల కట్టెల పొయ్యి 430 డిగ్రీలు దాటి కాలుతుంది, పైకప్పు నుంచి కూడా వేడి దిగుతుంది, అందుకే నిమిషం, నిమిషంన్నరలో పిజ్జా తయారవుతుంది. నీ గ్రిల్లులో వేడంతా కిందే. కాబట్టి ముందు ఉత్త రొట్టె ఒక పక్క కాల్చి, తిరగేసి, కాలిన పక్క మీద అన్నీ వేయాలి. అమెరికాలో ప్రావిడెన్స్ అనే ఊళ్లో అల్ ఫోర్నో అనే రెస్టారెంటు 1980ల్లో ఈ పద్ధతికి బాగా పేరు తెచ్చింది. పిండి ఊచల సందుల్లోంచి జారిపోతుందని భయపడకు. వేడి తగలగానే అడుగు గట్టిపడిపోతుంది.

పిండి ముందురోజు రాత్రే కలిపి పెట్టుకో. అరకిలో మైదా, 300 మిల్లీలీటర్ల నీళ్లు, 10 గ్రాముల ఉప్పు, చెంచాడు నూనె, అర టీస్పూను ఇన్‌స్టంట్ ఈస్ట్. గోరువెచ్చని నీళ్లు అని ప్యాకెట్ మీద రాసి ఉన్నా, బెజవాడ ఎండల్లో చన్నీళ్లే వాడు. లేకపోతే నువ్వు స్నానం చేసి వచ్చేలోపు పిండి పొంగి జావగా అయిపోతుంది, రుచి కూడా పట్టదు. బాగా మర్దించి, మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టు. కాల్చే ముందు ఓ గంట బయట ఉంచి, నాలుగు ఉండలు చేసుకో. నూనె రాసిన పళ్లెంలో చేత్తోనే వత్తు, చపాతీ కంటే కాస్త మందంగా. గుండ్రంగా రాకపోతే పోనీ, కోలగా వచ్చినా ఒకటే.

ఇక నిప్పు. అసలు పనంతా ఇక్కడే. మీ అమ్మమ్మ కుంపటి మీద వంకాయ కాల్చేటప్పుడు మంట కనిపిస్తున్నంతసేపూ నన్ను వంకాయ పెట్టనిచ్చేది కాదు. బొగ్గు మీద తెల్లగా బూడిద పొర కట్టాలి, లోపల ఎర్రగా కణకణలాడాలి, అప్పుడు పెట్టమనేది. నువ్వూ అంతవరకూ ఆగు. అరగంట పట్టినా పట్టనీ. కిరసనాయిలు మాత్రం పొయ్యకు, ఆ వాసన రొట్టెకి పడుతుంది. కొబ్బరి పీచుతో రాజేయి. బొగ్గులన్నీ రాజుకున్నాక ఒక పక్కకి తోసి, రెండో పక్క ఖాళీగా ఉంచు. నువ్వు అలా చేయలేదు, అందుకే మాడింది. ఊచలకి నాలుగంగుళాల పైన అరచెయ్యి పెట్టి చూడు. రెండు మూడు సెకన్లకే చెయ్యి తీసేయాలనిపిస్తే వేడి సరిపోయినట్టు.

దోసె పెనానికి రాసినట్టే ఉల్లిపాయ చెక్కని నూనెలో ముంచి ఊచలకి రుద్ది, రొట్టెని నిప్పులున్న పక్క వెయ్యి. నిమిషం తిరక్కుండా పైన బుడగలు లేస్తాయి. పట్టకారుతో అంచు ఎత్తి చూడు. అంటుకుని ఉంటే లాగకు. ఇంకొంచెం కాలితే దానంతటదే వదులుతుంది. అడుగున గోధుమరంగు చారలు పడగానే పళ్లెంలోకి తీసి, కాలిన పక్క పైకి తిప్పి, సాస్, చీజ్ వెయ్యి. మళ్లీ నిప్పుల మీద ఒక్క నిమిషం ఉంచి, పచ్చి పక్కకి రంగు రాగానే ఖాళీ పక్కకి జరిపి మూత పెట్టు. నాలుగైదు నిమిషాల్లో చీజ్ కరిగిపోతుంది. ఊరికే మూత తీసి చూడకు, వేడి పోతుంది. ఆ కాసేపూ ఫోన్ లోపల పెట్టేయి.

పైన వేసేవి తక్కువ ఉండాలి. నీకు చిన్నప్పటినుంచీ ఏదైనా నిండుగా వడ్డించాలని ఉంటుంది, ఇక్కడ మాత్రం చెయ్యి బిగించు. నాటు టమాటాలు, వెల్లుల్లి వేసి నీరంతా ఇగిరేదాకా ఉడికించిన సాస్ రెండు గరిటెలు చాలు. పనీర్ కరగదు, మోజరెల్లా తురుమే వెయ్యి. చికెన్ వేస్తే ముందే పూర్తిగా వండింది వెయ్యి. ఆ నాలుగు నిమిషాల్లో పచ్చిది ఉడకదు. బేసిల్ కోసం షాపుల చుట్టూ తిరగక్కర్లేదు, సబ్జా గింజలు కుండీలో చల్లితే వచ్చేది ఆ మొక్కే. పిజ్జా దించాక ఆకులు తుంచి వెయ్యి.

ఎండుమిరప ముక్కలు నేనే దంచి పంపిస్తున్నాను. తేజ రకం కాయల ఘాటు పిల్లలు తట్టుకోలేరని సన్నం రకం కాయలే తీసుకుని, తొడిమలు తీసి, సన్నసెగన వేయించి రోట్లో దంచాను. అవీ దించాకే చల్లుకోండి. నిప్పులో పడితే ఆ ఘాటుకి ఇంటిల్లిపాదీ దగ్గుతారు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను. వాన వచ్చిందనో, గాలి లేచిందనో ఆ గ్రిల్లుని ఇంట్లోకి గానీ, అద్దాలు బిగించిన బాల్కనీలోకి గానీ తేవద్దు. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు, మనిషికి తెలియకుండానే ప్రాణం మీదకి తెస్తుంది. వాన వస్తే పిజ్జా తడిసిపోయినా పర్వాలేదు, మీరు లోపలికి వచ్చేయండి. తిన్నాక బొగ్గుల మీద నీళ్లు చల్లి కలిపి, మళ్లీ చల్లి, చెయ్యి దగ్గర పెడితే చల్లగా ఉందో లేదో చూసుకో. బూడిద కింద నిప్పు తెల్లారేదాకా ఉంటుంది, ప్లాస్టిక్ డబ్బాలో పారెయ్యకు. పిల్లల్ని గ్రిల్లుకి ఆమడ దూరంలో ఉంచమని కోడలికి కూడా చెప్పు.

ఆదివారం చేస్తే రొట్టె అడుగు ఎలా వచ్చిందో ఫోటో తీసి పంపు. పైభాగం కాదు, అడుగు.

ఉంటాను,
అమ్మ