మీరిచ్చే వీడియో మా ఇళ్లలో ఆడాలి

సంపాదకులకు నమస్కారం.

నేను చీపురుపల్లిలో టీవీ మెకానిక్‌ని. పెళ్లి వీడియోలు తీసే స్టూడియోల వారికి, పాత క్యాసెట్లను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఇచ్చేవారికి మీ పత్రిక ద్వారా ఒక విన్నపం చేసుకుంటున్నాను. వీడియో ఇచ్చే ముందు ఇంట్లో దేనిలో చూస్తారని ఒక్కసారి అడగండి. దానికి తగ్గట్టు ఇవ్వండి.

మా చుట్టుపక్కల ఊళ్లలో ఇప్పుడు ప్లేస్టేషన్లు, అంటే టీవీకి తగిలించి వీడియో గేములు ఆడుకునే పెట్టెలు, బాగానే కనిపిస్తున్నాయి. బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో ఉద్యోగం చేసే కుర్రాళ్లు కొత్తది కొనుక్కుని, పాత పీఎస్4ని (ప్లేస్టేషన్ 4ని) ఊళ్లో తమ్ముళ్లకి ఇచ్చేస్తున్నారు. అది పిల్లలు ఆడుకునే వస్తువనే పెద్దవాళ్లందరి లెక్క. కానీ పాత టీవీ ఉన్న ఇంట్లో సొంత వీడియోలు చూసుకోవడానికి అది చాలా పనికొస్తుంది. టీవీకే యూఎస్‌బీ ఉంది కదా అని కొందరు అంటారు. నా దగ్గరికి వచ్చే పాత ఎల్‌సీడీల్లో చాలా వాటికి ఫొటోలు, పాటలు తప్ప వీడియోలు పట్టవు. కొన్నింటిలో బొమ్మ వస్తుంది, మాట వినపడదు.

2013లో పీఎస్4 వచ్చినప్పుడు అందులో పెన్‌డ్రైవ్ వీడియోలు ఆడించే సదుపాయం లేదు. అంతకుముందు పీఎస్3లో ఉండేది. తర్వాత 2015 జూన్‌లో మీడియా ప్లేయర్ అనే యాప్ ఉచితంగా ఇచ్చారు. ఎంపీ4, ఎంకేవీ, ఏవీఐ రకాల వీడియో ఫైళ్లు అందులో ఆడతాయి. ఎక్స్‌బాక్స్ వన్ అనే ఇంకో గేమ్ పెట్టెకీ అలాంటి యాప్ ఉంది, వీడియోలు ఆడించే వీఎల్‌సీ యాప్ కూడా వేసుకోవచ్చు. పీఎస్5లో మాత్రం పెన్‌డ్రైవ్ వీడియోల కోసం ఆ యాప్ లేదు. అందుకే, ఇంటి వీడియోలు పీఎస్4లో చూసుకునేవాళ్లు దాన్ని ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చే ముందు కాస్త ఆలోచించుకోవాలి.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, గరివిడి వైపు పల్లె నుంచి ఒక ముసలమ్మ మనవణ్ణి వెంటబెట్టుకుని నా దగ్గరికి వచ్చింది. ఆమె భర్త తప్పెటగుళ్లు అనే మా వైపు జానపద నృత్యం ఆడేవాడు. ఎప్పుడో గ్రామదేవత పండగలో ఎవరో తీసిన వీహెచ్ఎస్ క్యాసెట్ ఒకటి ఇంట్లో దాచుకున్నారు. ఆయన పోయాక కొడుకు దాన్ని ఒక స్టూడియోలో ఇచ్చి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాడు. ఇంటికి తెస్తే టీవీలో ఆడలేదు, మనవడి పీఎస్4లో పెడితే పెన్‌డ్రైవ్ పెట్టినట్టే కనపడలేదు. స్టూడియోలో అడిగితే "మా కంప్యూటర్‌లో బాగానే ఆడుతోంది, తేడా మీ టీవీలోనే" అని పంపేశారట. "బాబూ, మా ముసిలాయన ఇందులో ఉన్నాడట, ఓపాలి సూపించు" అని ఆమె అడిగింది.

నిజానికి టీవీలోనూ తేడా లేదు, ఫైల్లోనూ లేదు. పెన్‌డ్రైవ్‌లో ఫైళ్లు సర్దే పద్ధతులు కొన్ని ఉంటాయి, దాన్ని ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే పద్ధతిలో ఫార్మాట్ చేశారు. పీఎస్4 దాన్ని గుర్తుపట్టదు, దానికి ఫ్యాట్32 గానీ ఎక్స్‌ఫ్యాట్ గానీ కావాలి. ఫ్యాట్32లో ఒక్కో ఫైలు 4 జీబీ దాటితే పట్టదు. పెళ్లి వీడియో అంటే సులువుగా అంతకు మించుతుంది కాబట్టి ఎక్స్‌ఫ్యాటే మేలు. నేను ఎక్స్‌ఫ్యాట్ పెన్‌డ్రైవ్‌లో ఒక ఫోల్డర్ చేసి, అందులో ఆ వీడియో వేసి పెట్టాను. వెంటనే ఆడింది. ఛాతీకి తప్పెటలు, కాళ్లకి గజ్జెలు కట్టుకుని గుండ్రంగా తిరుగుతూ ఎగిరెగిరి ఆడుతున్నవాళ్లలో ఎవరు ఎవరో ఆమె మనవడికి పేరుపేరునా చెప్పింది. అందులో ఇప్పుడు బతికున్నవాళ్లు కొద్దిమందే. కంప్యూటర్‌లో పది నిమిషాల పని కోసం ఆ కుటుంబం అన్ని నెలలు ఆగాల్సి వచ్చింది. ఆ సంగతి నాకు చాలా బాధ కలిగించింది.

ఇంతకంటే బాధ కలిగించేది ఇంకొకటి ఉంది. పాత క్యాసెట్ ఎక్కించేటప్పుడు కొందరు అసలు శబ్దం తీసేసి దాని మీద సినిమా పాటలు వేస్తున్నారు. చూడటానికి బాగుంటుందనే వేస్తారు, కాదనను. కానీ ఆ క్యాసెట్‌లో పోయినవాళ్ల మాట ఉంటుంది. పెళ్లి పందిట్లో ఎవరినో భోజనానికి పిలుస్తున్న తాత గొంతు, అప్పగింతలప్పుడు అమ్మమ్మ చెప్పిన బుద్ధులు ఉంటాయి. అవి మళ్లీ దొరకవు. పాటలు కావాలంటే అది వేరే ఫైలుగా ఇవ్వండి, అసలుది అసలుగానే ఇవ్వండి. అలాగే, పాత వీడియో బొమ్మ 4:3 కొలతలో, అంటే వెడల్పు 4 పాళ్లయితే ఎత్తు 3 పాళ్లుగా, ఉంటుంది. కొత్త టీవీ నిండాలని దాన్ని అడ్డంగా సాగదీస్తే మనుషులందరూ లావుగా, పొట్టిగా కనిపిస్తారు. పక్కల నల్లగా ఉన్నా ఫరవాలేదు, మనిషి రూపం మార్చకండి.

ఫోన్ వీడియోలతో ఇబ్బంది వేరే. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం కొత్త ఫోన్లో తీసుకొచ్చి, ప్లేస్టేషన్‌లో పెడితే ఆడటం లేదని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. ఎంపీ4 అనేది డబ్బా పేరు మాత్రమే, లోపల సరుకు ఏమిటన్నది వేరే సంగతి. చాలా కొత్త ఫోన్లు చోటు కలిసొస్తుందని వీడియోని బాగా కుదించే హెచ్‌ఈవీసీ పద్ధతిలో తీస్తాయి. పీఎస్4 మీడియా ప్లేయర్‌కి అది పట్టదు, హెచ్.264 అనే పాత పద్ధతి కావాలి. ఫోన్ కెమెరా సెట్టింగ్స్‌లో మార్చుకుంటే ఇకపై తీసేవి ఆడతాయి. ఇప్పటికే తీసినవాటిని హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో కంప్యూటర్‌లో మార్చుకోవచ్చు. మార్చాక ఫోన్‌లోని అసలు ఫైలు చెరిపేయవద్దు.

స్టూడియోల వారు హెచ్.264 ఎంపీ4 ఫైలు ఒకటి ఎక్స్‌ఫ్యాట్ పెన్‌డ్రైవ్‌లో ఫోల్డర్ చేసి ఇస్తే సగం ఇళ్లకి తిరుగుడు తప్పుతుంది. ఇచ్చే ముందు ఏదైనా టీవీలో పెట్టి చూపిస్తే మరీ మంచిది. క్యాసెట్ కూడా మరచిపోకుండా వెనక్కి ఇవ్వండి. క్యాసెట్లు ఆడించే వీసీఆర్‌లు తయారు చేసిన చివరి కంపెనీ కూడా 2016లో ఆపేసింది. ఉన్న మెషిన్లకి టేపుని చదివే హెడ్లు దొరకడం కష్టంగా ఉంది, మన తేమకి క్యాసెట్లకి బూజు పడుతోంది. కాబట్టి పెట్టెల్లో క్యాసెట్లు ఉన్నవాళ్లు వచ్చే పండగ దాకా వాయిదా వేయవద్దు.

మీ జిల్లా పేజీలో ఈ సంగతులు చిన్న బాక్స్‌గా వేస్తే చాలామందికి ఉపయోగపడుతుంది. స్టూడియో కుర్రాళ్లు ఎవరైనా ఈ ఫార్మాట్ల పని నేర్చుకుంటామంటే మా షాపుకి రావచ్చు. డబ్బులేమీ ఇవ్వక్కర్లేదు, ఒక పెన్‌డ్రైవ్ తెచ్చుకుంటే దగ్గరుండి చేసి చూపిస్తాను.

ఇట్లు
ఒక టీవీ మెకానిక్,
చీపురుపల్లి, విజయనగరం జిల్లా