ఆల్ఫ్రెడ్‌ను గెలిపించిన గోడల లెక్క

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో ఆంగ్లో-శాక్సన్ల మీద వచ్చిన వ్యాసం చదివాం. తెలుగులో ఈ కాలం గురించి రాసేవాళ్లే తక్కువ, అందుకు సంతోషం. కానీ తొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండ్ దక్షిణాన వెస్సెక్స్ రాజ్యాన్ని ఏలిన ఆల్ఫ్రెడ్ రొట్టెలు మాడబెట్టిన కథకు అంత చోటిచ్చి, వైకింగులను ఆయన ఎలా ఆపాడన్నది మాత్రం ధైర్యసాహసాల ఖాతాలో వేసి దాటేశారు. ఆ రొట్టెల కథ ఆయన పోయిన చాలా కాలానికి ఒక సాధువు చరిత్రలో పుట్టింది. ఆపిన తీరు మాత్రం అంకెలతో సహా దొరుకుతోంది.

డేన్ల, అంటే ఆ వైకింగుల పద్ధతి తెలిస్తేనే ఆ అంకెలు అర్థమవుతాయి. రక్షణ ఉన్న చోటును చప్పున పట్టుకోవడం, అక్కడి ధాన్యం తింటూ చుట్టుపక్కల దోచుకోవడం, రాజు సైన్యం వచ్చి చుట్టుముడితే సంధి మాట్లాడుకుని బయటపడటం. 871లో రెడింగ్, 876లో వేర్‌హామ్, ఆ వెంటనే ఎక్సెటర్, 878 జనవరిలో చిప్పెన్‌హామ్ ఇలాగే చేజారాయి. రాజు కబురు పంపి మనుషులను కూడగట్టేసరికి శత్రువు లోపల కుదురుకునేవాడు. 878 మే నెలలో ఎడింగ్టన్‌లో ఆల్ఫ్రెడ్ గెలిచినా, ఒక్క యుద్ధంతో తీరే బెడద కాదది.

అందుకే వెస్సెక్స్ అంతటా సుమారు 30 కోట ఊళ్లు, అంటే బుర్హ్‌లు వెలిశాయి. ఆయన కొడుకు ఎడ్వర్డ్ కాలం నాటిదని చెప్పే బర్గల్ హైడేజ్ అనే పత్రంలో ఏ ఊరికి ఎన్ని హైడ్ల భూమి కేటాయించారో ఉంది. హైడ్ అంటే ఒక కుటుంబం బతకడానికి సరిపోయే భూమి. హైడ్‌కు ఒక మనిషిని కాపలాకు పంపాలి, ఒక పోల్ పొడవు గోడకు నలుగురు కావాలి. పోల్ అంటే పదహారున్నర అడుగులు కనుక ఒక్కొక్కరి వంతు నాలుగడుగుల చిల్లర. వించెస్టర్‌కు 2,400 హైడ్లు రాశారు. నాలుగుతో భాగిస్తే 600 పోల్‌లు, అంటే 9,900 అడుగులు. అక్కడి రోమన్ గోడను కొలిస్తే తేడా వంద అడుగుల లోపే! ఈ సూత్రం ఉన్న మూలప్రతి 1731 అగ్నిప్రమాదం పాలైంది. 1562లో లారెన్స్ నోవెల్ నకలు రాసి ఉంచబట్టి మనకు మిగిలింది.

అన్నిచోట్లా లెక్క ఇంత చక్కగా కుదరదు. ఎక్సెటర్‌కు 734 హైడ్లే, అంటే మూడు వేల అడుగుల పైచిలుకు. గోడ దానికి రెట్టింపు కంటే పొడవు. లింగ్ అనే చిన్న చోటుకు వంద హైడ్లే, 412 అడుగులు. చుట్టూ చిత్తడి నేల, గట్టు వేయాల్సింది ఒక పక్కనే. రోమన్ గోడ ఉన్నచోట దాన్నే వాడుకున్నారు. లేనిచోట కందకం తవ్వి ఆ మట్టితోనే గట్టు పోశారు. కొన్నిచోట్ల తర్వాత రాతి గోడ కట్టారు. కోట పని చేయడమన్న బాధ్యతను ఆల్ఫ్రెడ్ కొత్తగా కనిపెట్టలేదు. వెస్సెక్స్‌కు ఉత్తరాన ఉన్న మెర్సియా రాజ్యపు రాజు ఎథెల్‌బాల్డ్ 749లో గమ్లీలో చర్చి భూములకు మినహాయింపులు ఇస్తూ, వంతెనల పనినీ కోటల పనినీ మాత్రం వదల్లేదు.

ఈ ఏర్పాటు ఎక్కడ బెడిసికొట్టిందో కూడా రాసి ఉంటే వ్యాసానికి బలం వచ్చేది. 892లో కెంట్‌లో దిగిన డేన్లు నది మీదుగా లోపలికి వచ్చి ఒక కోటను పట్టుకున్నారు. అది సగమే కట్టి ఉంది, లోపల కొద్దిమంది పల్లెవాళ్లే. సైన్యాన్ని ఆల్ఫ్రెడ్ రెండు వంతులు చేశాడు: సగం కొలువులో, సగం ఇంటి దగ్గర, కోటల్లో కాపలా ఉండేవాళ్లు వేరే. పంటలు చెడకుండా చేసిన మంచి ఆలోచన అది. అయినా 893లో థోర్నీ దగ్గర శత్రువును చుట్టుముట్టిన దళం, తిండి అయిపోయి, గడువు తీరిపోయి, రాజు ఇంకా దారిలో ఉండగానే ఇళ్లకు వెళ్లిపోయింది. ఆ ఏడాది చివర్లో చెస్టర్ పాడుబడి ఉంటే డేన్లు నేరుగా వెళ్లి దూరారు. మనుషులు లేని గోడ శత్రువుకే అక్కరకొచ్చింది.

అదే ఏడాది బటింగ్టన్‌లో మాత్రం ఏర్పాటు పూర్తిగా పనిచేసింది. ముగ్గురు ఎల్డర్‌మన్‌లు (రాజు తరఫున జిల్లాలను ఏలే పెద్దలు), కోటల్లో ఉన్న యోధులు కలిసి సెవెర్న్ నదికి రెండు వైపులా వారాల తరబడి కాపు కాశారు. లోపల డేన్లు ఆకలికి తమ గుర్రాలనే చాలావరకు తినేసి, చివరికి బయటికొచ్చి పోరాడి ఓడారు. మా దృష్టిలో ఎడింగ్టన్ కంటే ముఖ్యమైన రుజువు ఇదే.

మరో రెండు సవరణలు. ఇంగ్లండ్ మొత్తానికి తొలి రాజు ఆల్ఫ్రెడ్ కాదు, 927లో ఉత్తరాది రాజ్యం నార్తంబ్రియాను కలుపుకున్న మనవడు ఎథెల్‌స్టన్. ఇక ఆల్ఫ్రెడ్ కూతురు ఎథెల్‌ఫ్లాడ్ పేరే వ్యాసంలో లేదు. చెస్టర్‌ను 907లో మళ్లీ నిలబెట్టింది మెర్సియన్లే, ఆమె, ఆమె భర్త ఏలుబడిలో. భర్త పోయాక 913లో టామ్‌వర్త్, స్టాఫర్డ్, 914లో వారిక్ కోటలు కట్టించింది, 917లో డెర్బీని గెలిచింది. 918 జూన్‌లో చనిపోయేనాటికి లెస్టర్ కూడా ఆమె చేతికొచ్చింది. తరువాయి భాగం ఉంటే ఆమెకు చోటివ్వండి.

– ఇద్దరు చరిత్ర అధ్యాపకులు, గుంటూరు