పెరటికోళ్లకు అనుమతి ఇవ్వండి: నెల్లూరు కమిషనర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన నెల్లూరు నగరపాలక సంస్థ కమిషనర్ గారికి నమస్కారాలు.

అయ్యా, నగరంలో పెరడున్న ఇళ్లవాళ్లు నాలుగైదు కోడిపెట్టలు పెంచుకోవడానికి అనుమతి ఇస్తూ ఒక స్పష్టమైన నిబంధన తెమ్మని అడగడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను. మూలాపేట, రంగనాయకులపేట లాంటి పాత పేటల్లో కోళ్లు ఇప్పటికీ ఉన్నాయి. పెంచేవాళ్లకి మాత్రం ఎప్పుడూ టెన్షనే. ఎన్ని పెంచుకోవచ్చు, గూడు ఎక్కడ కట్టాలి, పక్కింటివాళ్లు ఫిర్యాదు చేస్తే ఏమవుతుంది అంటే వీధిలో తలా ఒక మాట చెబుతారు. దాంతో చాలామంది కోళ్లని గంప కింద మూసి, ఎవరి కంటా పడకుండా పెంచుకుంటున్నారు. నా భయమంతా ఈ దాపరికం గురించే.

2024 ఫిబ్రవరిలో మన జిల్లాలో బర్డ్ ఫ్లూ వచ్చింది. పొదలకూరు మండలం చాటగొట్లలోను, పెన్న దాటితే వచ్చే కోవూరు మండలం గుమ్మళ్లదిబ్బలోను కోళ్లు చనిపోయాయి. ఈ జబ్బు బయటపడితే చుట్టూ కిలోమీటరు లోపల ఉన్న కోళ్లన్నిటినీ చంపేయాలి, పది కిలోమీటర్ల దాకా నిఘా పెట్టాలి. పులికాట్, నేలపట్టు వైపు ఏటా వలస పక్షులు వచ్చే ప్రాంతం మనది కాబట్టి ఆ ముప్పు మళ్లీ రాదని ఎవరూ అనలేరు. వస్తే ఏ ఇంట్లో ఎన్ని కోళ్లున్నాయో అధికారుల దగ్గర ఒక పట్టీ ఉండాలి కదా! వద్దంటే కోళ్లు పోవు, పట్టీలోంచి పోతాయంతే. పేరు రాయించుకున్న ఇల్లాలు కోడి ముడుచుకుని కూర్చుంటే ఆ పూటే చెబుతుంది. దాచి పెంచేవాళ్లు చచ్చిన కోడిని రాత్రిపూట కాలవలో పడేస్తారు.

టీకాల సంగతీ ఇంతే. పెరటికోళ్లని ఎక్కువగా తినేసేది కొక్కెర తెగులు. పిల్ల పుట్టిన వారానికి కంట్లోనో ముక్కులోనో ఒక్క చుక్క లసోటా మందు, రెండు నెలలకి రెక్క కింద ఒక సూది. పిల్లని అరచేతిలో పట్టుకుని చుక్క వేస్తే ఒకసారి రెప్ప కొట్టుకుంటుంది, పని అయిపోతుంది. చిక్కల్లా సీసాతోనే. దాంట్లో మందు వంద కోళ్లకో, ఇంకా ఎక్కువకో సరిపడా ఉంటుంది. కలిపాక గంట, రెండు గంటల్లో వాడేయాలి. నాలుగు పెట్టలున్న ఇల్లాలు ఆ సీసా కొని ఏం చేసుకుంటుంది? పశుసంవర్ధక శాఖతో మాట్లాడి నెలకొక రోజు డివిజన్‌లో టీకాలు వేయిస్తే వీధి వీధంతా ఒకే సీసాతో గట్టెక్కుతుంది. కోళ్లు దొంగచాటుగా ఉన్నంతకాలం ఇది జరగదు.

ఇక ఫిర్యాదులు. తెల్లవారుజామున కూతతో నిద్ర పట్టదన్నమాట నిజమే. కూసేది పుంజు. గుడ్లు పెట్టడానికి పెట్టకి పుంజుతో పనే లేదు, పిల్లలు కావాలంటేనే పుంజు కావాలి. ఈ సంగతి తెలియనివాళ్లు చాలామంది ఉన్నారు. కాబట్టి పుంజులు వద్దని రాసేయండి, మాకు అభ్యంతరం లేదు. పందేల కోసం కోళ్లని మేపేవాళ్ల బెడదా దాంతోనే తీరుతుంది. న్యూయార్క్ అంత మహానగరంలో కూడా పెట్టల్ని పెంచుకోనిస్తారు, పుంజుల్ని ఒప్పుకోరు.

వాసన విషయం కాస్త వివరంగా చెప్పాలి. రెట్ట తడిసినప్పుడే ఆ ఘాటు పుడుతుంది, పొడిగా ఉంటే అంత ఉండదు. మన ఊళ్లో రైస్ మిల్లులకి కొదవ లేదు, ఊకకీ కొదవ లేదు. గూట్లో జానెడు మందాన ఊక పోసి, రోజూ ఒకసారి కలియబెట్టి, తడిసినచోట తీసేసి కాస్త సున్నం చల్లితే పక్కింటి గోడ దాకా వాసన రాదు. మా పెరట్లో చేసేది ఇదే. అయితే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకి వానలు. అప్పుడు జల్లు పడకుండా గూటికి రేకు, నేల నుంచి కాస్త ఎత్తు తప్పనిసరి. రాత్రి గింజలు వదిలేస్తే ఎలుకలొస్తాయి, వాటి వెనకే పాములొస్తాయి. అందుకని మేత పొద్దుగూకేలోపే ఎత్తేయాలి. ఇవన్నీ నిబంధనలో రాయదగ్గవే.

తడి చెత్త వేరు చేయమని ఘనవ్యర్థాల నియమాలు చెబుతున్నాయి. ఆకుకూర కాడలు, మిగిలిన అన్నం, బియ్యంలో ఏరేసిన నూకలూ మా ఇంట్లో బండి దాకా పోవు. కోళ్లే తవ్వి ఏరుకుంటాయి. ఫ్రాన్స్‌లో కోల్మార్ అనే పట్టణం చెత్త తగ్గించడానికని 2015లో ఇళ్లకి కోళ్లనే పంచింది. మీరు పంచక్కర్లేదు, ఉన్నవాటిని ఉండనిస్తే చాలు.

ఇంట్లో గుడ్డుంటే పిల్లకి పెట్టడానికి ఎవరినీ అడగక్కర్లేదు. ఒక గుడ్డులో ఆరు గ్రాముల దాకా మాంసకృత్తులుంటాయి. నాటు గుడ్లమ్మితే ముసలివాళ్లకి, ఇల్లు కదలలేని ఆడవాళ్లకి చేతిలో నాలుగు డబ్బులాడతాయి. హైదరాబాద్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ వనరాజ, గ్రామప్రియ రకాల్ని పెరట్లో పెంపకానికనే తయారుచేసింది. పెరడు పల్లెలోనే ఉండాలని ఎక్కడుంది?

మేం అడిగేది ఇదీ: ఇంటికి ఐదు పెట్టలకి మించకూడదు, పుంజు ఉండకూడదు. ఇంట్లో కోసి అమ్మడం నిషేధం. వార్డు సచివాలయంలో పేరు నమోదు, టీకా చీటీ తప్పనిసరి. బర్డ్ ఫ్లూ హెచ్చరిక వస్తే కోళ్లని గూట్లోంచి వదలకూడదు. అపార్ట్‌మెంట్లలో అందరూ ఒప్పుకుంటేనే. రెండుసార్లు చెప్పినా శుభ్రం చేయనివాళ్ల అనుమతి రద్దు చేయండి, మేమే మీ పక్షాన నిలబడతాం. ముందు రెండు మూడు డివిజన్లలో ఏడాదిపాటు అమలుచేసి, వచ్చిన ఫిర్యాదులు చూసి తర్వాత నిర్ణయించినా సంతోషమే. ముసాయిదా తయారుచేసేటప్పుడు పెంచేవాళ్లనీ, ఫిర్యాదు చేసేవాళ్లనీ ఇద్దరినీ పిలవండి. పిలిస్తే వస్తాను.

ఇట్లు,
మూలాపేట నుంచి ఒక గృహిణి