పాప కార్ సీటు తిప్పి కట్టిన దుబాయ్ అన్నకి

రాత్రి రెండున్నర అయింది, కళ్ళు మూస్తే ఆ చప్పుడే వినిపిస్తోంది, అందుకే లేచి ఇది టైప్ చేస్తున్నా. తప్పులుంటే సర్దుకోండి, ఎడమ భుజం సీట్ బెల్ట్ ఒత్తిడికి కమిలిపోయి చెయ్యి పైకి లేవట్లేదు, ఒంటి చేత్తో కొడుతున్నా.

ఫోన్లు చేసిన వాళ్ళందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేదు కాబట్టి ఇక్కడే చెప్తున్నా, అందరం బాగానే ఉన్నాం. కనుమ నాడు కదలకూడదని అత్తయ్య పట్టుబడితే ముక్కనుమ పొద్దున్నే విజయవాడలో బయల్దేరాం. కోదాడ దాటి కాసేపటికి డివైడర్ మొక్కల్లోంచి ఒక గేదె ఒక్కసారిగా రోడ్డు మీదకొచ్చింది. మా ఆయన బ్రేక్ కొట్టి పక్కకి తిప్పారు, కార్ వెళ్ళి డివైడర్‌ని ముక్కుతో గుద్దేసింది. ఎయిర్‌బ్యాగ్‌లు రెండూ పేలాయి, లోపలంతా తెల్లటి పొగలాగా పొడి. మా ఆయనకి మణికట్టు విరిగి ప్లేట్ వేశారు. అత్తయ్యకి కాలర్ బోన్ దగ్గర సన్నటి క్రాక్. పాపకి, మా పదకొండు నెలల పిల్లకి, ఒక్క గీత కూడా పడలేదు. ఏడ్చింది, చాలా ఏడ్చింది, ఏడుపు వినబడింది కాబట్టే నాకు ప్రాణం లేచొచ్చింది, ఆసుపత్రికి వెళ్ళాక డ్యూటీ డాక్టర్ అటూ ఇటూ తిప్పి చూసి స్కాన్ కూడా చూసి ఒక రోజు అబ్జర్వేషన్‌లో పెడదాం అని, వెళ్ళబోతూ ఆగి "పాప సీట్లో ఎటు తిరిగి ఉంది?" అని అడిగారు. వెనక్కి అన్నాను. "అదే కాపాడింది" అన్నారు.

ఆ సీటు వెనక్కి తిప్పింది మేము కాదు. అది చెప్దామనే ఇదంతా.

వెళ్ళేటప్పుడు, అంటే భోగికి రెండు రోజుల ముందు, హైదరాబాద్-విజయవాడ హైవే మీద పంతంగి టోల్ దగ్గర గంట పైన ఇరుక్కున్నాం. ఫాస్టాగ్ ఉన్నా సంక్రాంతి క్యూ సంక్రాంతి క్యూనే. చిట్యాల దాటాక ఒక టిఫిన్ సెంటర్ దగ్గర ఆపాం, ఇంకా సరిగ్గా తెల్లారలేదు. నేను పాపకి డైపర్ మార్చి మళ్ళీ సీట్లో కూర్చోబెడుతుంటే పక్క బండి దగ్గర నిలబడిన ఒకాయన వచ్చి "చెల్లె, తప్పుగ అనుకోకు, పాప సీటు కట్టుడు సక్కగ లేదు. జర చూడొచ్చా?" అన్నాడు. నలభై ఐదేళ్ళుంటాయేమో. తెల్ల చొక్కా, కొత్తది, పండక్కి కొన్నట్టుంది. మా ఆయన చేతిలో టీ గ్లాసుతో వచ్చి చూసిన చూపు "నీకెందుకయ్యా" అన్నట్టే ఉంది, ఇప్పుడు అది తలుచుకుంటే సిగ్గేస్తోంది, మా ఆయనకి కూడా.

ఆ అన్న సీటు మీద చెయ్యేసి ఊపాడు. ఊయల ఊగినట్టు ఊగింది. నాలుగు నెలలుగా అలాగే తిరుగుతున్నామండి మేము! బెల్ట్ పెట్టాం కదా, క్లిక్ అంది కదా, ఇంకేంటి అనుకున్నాం. బెల్ట్ దూరిన చోట పట్టుకుని ఊపితే అంగుళానికి మించి కదలొద్దంట. మాది పక్కవాళ్ళ సీట్లోకి వచ్చేంత కదిలింది.

తర్వాత ఒక్కొక్కటే బయటపడ్డాయి. మాది అటూ ఇటూ తిప్పుకునే రకం సీటు, ఐసోఫిక్స్ (కార్‌లో ఉండే కొక్కేలకి సీటుని నేరుగా తగిలించే ఏర్పాటు) లేదు, కార్ బెల్ట్‌తో కట్టుకోవాలి. దాని పక్కన ఒక చోట నీలం గుర్తు, ఒక చోట ఎర్ర గుర్తు ఉన్నాయి, నేను డిజైన్ అనుకున్నా. నీలం అంటే పిల్ల మొహం వెనక్కి ఉన్నప్పుడు బెల్ట్ పోవాల్సిన దారి, ఎరుపంటే మొహం ముందుకి ఉన్నప్పటి దారి. మేము సగం ఎర్ర దాంట్లో, సగం సీటు చేతుల మీదుగా పోనిచ్చాం. అసలు ముందుకి ఎందుకు తిప్పాం అంటే, అత్తయ్యకి పాప మొహం కనబడాలి, పాపకి రోడ్డు కనబడాలి, పైగా డబ్బా మీద 9 నుంచి 18 కిలోలకి ముందు వైపు అని రాసుంది, మా పిల్ల తొమ్మిది దాటింది. అదే చెప్పాను. ఆయన నవ్వి "తొమ్మిది దాటితె తిప్పొచ్చు అని రాసిన్రు, తిప్పాలె అని రాయలే. 13 కిలోల దాంక ఎనక్కే ఉంచొచ్చు, గది గూడ డబ్బ మీదనే ఉంటది సూడు" అన్నాడు. ఉంది. నేనే చదివి పక్కన పడేసిన డబ్బా. ఈ వయసు పిల్లలకి ఒంటితో పోలిస్తే తల బాగా బరువు, మెడ ఎముకలు ఇంకా ముదరవు, ముందుకి కూర్చున్న పిల్లకి బండి గుద్దితే ఒళ్ళు పట్టీల దగ్గర ఆగిపోతుంది కానీ తల ఆగదు, వెనక్కి కూర్చుంటే తల, మెడ, వీపు మొత్తం సీటు వీపు మీదే వాలిపోతాయి అని చేత్తో చూపించి చెప్పాడు. ఇంటికొచ్చాక చదివితే యూరప్ వాళ్ళ ఐ-సైజ్ అనే పిల్లల సీట్ల రూల్ ప్రకారం కనీసం 15 నెలల వరకు వెనక్కే ఉండాలట.

కాళ్ళు ముడుచుకుంటుంది కదన్నా అని మా ఆయన అడిగారు, అప్పటికి ఆయన కూడా మెత్తబడ్డారు. "కాళ్ళు ముడుసుకుంటె ఏం గాదు తమ్మి, బాసింపట్ట ఏస్కొని కూసుంటది" అన్నాడు.

పాప తల కింద అత్తయ్య పెట్టిన ఆవాల దిండు తీసి ఆమె చేతికే ఇచ్చాడు, సీటుతోని రానిది సీట్ల పెట్టొద్దు పెద్దమ్మా అని. స్వెట్టర్ ఇప్పించాడు, ఆ చలిలో! ఉన్ని లావు వల్ల పట్టీ బిగుతుగా ఉన్నట్టు అనిపిస్తుందంట, నిజంగా గుద్దితే ఆ ఉన్ని అణిగిపోయి పట్టీ వదులైపోతుందంట, అందుకే పలచటి బట్టల మీద కట్టి ఆ తర్వాత పైన దుప్పటి కప్పాలి. భుజం పట్టీలు మెలిపడి ఉంటే విప్పి సాపు చేశాడు, వాటిని ఒక గడి కిందకి దించాడు, వెనక్కి తిరిగి కూర్చున్నప్పుడు పట్టీ భుజం ఎత్తులో గానీ కాస్త కింద నుంచి గానీ రావాలి, ముందుకైతే భుజం పైనుంచి. కట్టాక భుజం దగ్గర పట్టీని చిటికెతో పట్టుకోమన్నాడు. మడత చేతికొస్తే ఇంకా వదులున్నట్టే. నాకు మూడోసారికి మడత రాలేదు.

ఈ పనంతా మట్టిలో మోకాళ్ళ మీద కూర్చుని చేశాడు. ఒక మోకాలు సీట్లో మోపి ఒంటి బరువంతా వేసి కార్ బెల్ట్ గుంజాడు, తెల్ల చొక్కా మోచేతుల దాకా మసి. నలభై నిమిషాలు. వాళ్ళు కుటుంబంతో బెజవాడ దుర్గమ్మ దర్శనానికి వెళ్తున్నారు, జగిత్యాల వైపు వాళ్ళంట, వాళ్ళావిడ బండిలో చలికి కొంగు కప్పుకుని కూర్చునుంది, ఒక్కసారి కూడా తొందర పెట్టలేదు. వాళ్ళమ్మాయి, పదో తరగతి, ఫోన్ టార్చ్ పట్టుకుని నిలబడింది.

ఇవన్నీ ఎలా తెలుసన్నా అని అడిగా. దుబాయ్‌లో తొమ్మిదేళ్ళు ఒక ఇంట్లో డ్రైవర్‌గా చేశాడంట. 2017లో అక్కడ రూల్ వచ్చింది, నాలుగేళ్ళ లోపు పిల్లలకి సీటు లేకపోతే 400 దిర్హాంల ఫైన్, కానీ ఆ ఇంటి మేడం అంతకు ముందు నుంచే చాలా స్ట్రిక్ట్, చేరిన మొదటి రోజే గంటసేపు ఎండలో నిలబెట్టి నేర్పించిందంట. బెల్ట్ గుంజుతూనే, తల ఎత్తకుండా, ఏదో మామూలు సంగతి చెప్పినట్టు చెప్పాడు, "ఆల్ల పిల్లలను దినాం ఆరు సార్లు కట్టి ఇప్పేటోన్ని చెల్లె. గీ బిడ్డ పుట్టినప్పుడు నేను ఆడ్నే ఉన్న, రెండున్నరేండ్లకు అచ్చి సూస్తె ఎవలో అనుకొని ఏడ్సింది. దీన్ని మాత్రం ఒక్కసారి కట్టలే."

టార్చ్ వెలుతురు కొంచెం కదిలింది. "సక్కగ పట్టు బిడ్డా" అన్నాడు. అంతే.

నేను ఏదో ఒకటి అనాల్సింది. ఏమీ అనలేకపోయా.

అయిపోయాక అత్తయ్య వైపు తిరిగి "పెద్దమ్మా, నువ్వు గూడ బెల్టు పెట్టుకో, నువ్వు పెట్టుకోకపోతె గుద్దినప్పుడు ఎగిరి పాప మీదనే పడతవ్" అన్నాడు. ఆవిడకి ఈ గోల మొదటి నుంచీ నచ్చలేదు, మనవరాలికి నా ఒళ్ళో కంటే భద్రమేంటి అని ఆవిడ వాదన. ఆయన వాదించలేదు, యాభై స్పీడ్‌లో గుద్దితే పది కిలోల పిల్ల ఆ క్షణానికి మూడు క్వింటాళ్ళ బరువుతో లాగుతుంది, నాలుగు వడ్ల బస్తాలు పట్టుకున్నట్టు అన్నాడు, నువ్వు పట్టుకోగలవా అని అడగను కూడా అడగలేదు. ఊళ్ళో వడ్ల బస్తా బరువు తెలిసిన మనిషి కదా అత్తయ్య, మారు మాట్లాడకుండా బెల్ట్ పెట్టుకున్నారు. తిరుగు ప్రయాణంలో ఎవరూ చెప్పకుండానే పెట్టుకున్నారు. పెట్టుకోకపోయి ఉంటే, వద్దులెండి.

మా ఆయన అయిదొందలు ఇవ్వబోయారు. తీసుకోలేదు సరికదా, మొదటిసారి చూస్తున్నా కదా అని జేబులోంచి వంద నోటు తీసి పాప గుప్పిట్లో పెట్టి వెళ్ళాడు. నోటు యాక్సిడెంట్ హడావుడిలో కార్‌లోనే ఉండిపోయింది. పేరు అడగలేదు, నెంబర్ తీసుకోలేదు, టిఫిన్ తిన్నావా అన్నా అని కూడా అడగలేదు. జగిత్యాల వైపు వాళ్ళెవరైనా ఇది చదివి, ఇది మా వాడే అయ్యుంటాడు అనిపిస్తే, అన్నా, నువ్వు కట్టిన సీటు అంగుళం కూడా కదల్లేదు అని ఒక్క మాట చెప్పండి చాలు.

ఇప్పుడు నా కోపం కూడా కాస్త వినండి. కార్ డెలివరీ రోజు షోరూంలో పెద్ద అట్ట తాళంచెవి చేతిలో పెట్టి, దండ వేసి, కేక్ కోయించి, ఫోటోలు తీశారు. వెనక సీటు వీపు భాగానికీ కూర్చునే భాగానికీ మధ్య ఐసోఫిక్స్ కొక్కేలున్నాయని ఒక్కళ్ళు చెప్పలేదు. నేనే ఎక్కడో చూసి అడిగితే ఆ అబ్బాయి "అది ఫారిన్ వాళ్ళకి మేడమ్" అన్నాడు! ఆ మాట నమ్మి బెల్ట్ రకం తీసుకున్నాం, ఏడు వేలకి, ఆన్‌లైన్ సేల్‌లో. (బెల్ట్ రకం పనికిరాదని కాదు, సరిగ్గా కడితే అది కూడా కాపాడుతుంది, మాకు కాపాడింది. కానీ సరిగ్గా కట్టడం ఎవరు చూపిస్తారు?) 2019లో మోటార్ వెహికల్స్ చట్టం మార్చి 194బి అని పెట్టారు, 14 ఏళ్ళ లోపు పిల్లల్ని బెల్ట్ గానీ సీటు గానీ లేకుండా తీసుకెళ్తే వెయ్యి రూపాయల ఫైన్. హెల్మెట్ లేకపోతే ఫోటో కొట్టి చలాన్ ఇంటికి పంపుతారు కదా, ముందు సీట్లో అమ్మ ఒళ్ళో పసిపిల్లని పెట్టుకుని వెళ్ళే కార్లు రోజుకి ఎన్ని చూస్తున్నాం, ఎప్పుడైనా ఒక్కళ్ళని ఆపడం చూశారా? ఆ సీటుకి ఎయిర్‌బ్యాగ్ పేలుతుంది, మాకు పేలింది, ఆ దెబ్బ ఎలా ఉంటుందో నా మొహాన్ని అడగండి. నాకు డెలివరీ అయిన ఆసుపత్రిలో బిల్లు మూడుసార్లు చెక్ చేశారు కానీ పిల్లని ఇంటికి ఎలా తీసుకెళ్తున్నారు అని అడగలేదు. భారత్ ఎన్‌క్యాప్ (కార్లని గుద్దించి చూసే మన దేశపు పరీక్ష) వచ్చాక కార్లకి పిల్లల సేఫ్టీ స్టార్లు కూడా ఇస్తున్నారు, పద్దెనిమిది నెలల బొమ్మనీ మూడేళ్ళ బొమ్మనీ సీట్లలో కూర్చోబెట్టి గుద్దించి చూస్తారు, మంచిదే, ఆ బొమ్మల సీటు మాత్రం తెలిసినవాళ్ళు కడతారు కదండీ.

ఇన్సూరెన్స్ సర్వేయర్ వచ్చి పిల్లల సీటు కార్‌లో భాగం కాదు, క్లెయిమ్‌లో రాదు అన్నాడు. గ్యారేజ్ వాళ్ళు ఇంకో అడుగు ముందుకేసి "బానే ఉంది కదా మేడమ్, కడుక్కుని వాడుకోండి, లేదంటే సెకండ్‌హ్యాండ్‌లో పెట్టేయండి" అన్నారు. గట్టిగా గుద్దిన కార్‌లో ఉన్న సీటు మళ్ళీ వాడకూడదు, పైకి బాగున్నా లోపల ఎక్కడ చీలిందో తెలీదు. అందుకే తెలియనివాళ్ళ దగ్గర పాతది కొనొద్దంటారు. మా తమ్ముడితో పట్టీలు కత్తెరతో కోయించి, వెనక మార్కర్‌తో యాక్సిడెంట్ అయింది అని రాయించి, అప్పుడు పారేయించా.

మా ఆయన, అమ్మా నాన్న, అత్తయ్య, తమ్ముడు, వీళ్ళకి ఇక్కడ ఏం చెప్తాను, ఇంట్లోనే ఉన్నారు.

108 అంబులెన్స్ వాళ్ళకి, బండి నడిపిన పైలట్‌కీ లోపలున్న అమ్మాయికీ, దారంతా పాపకి చెయ్యి అందించి ఆడించినందుకు. సూర్యాపేట ఆసుపత్రి నర్సమ్మలకి.

అయ్యో, గుద్దగానే లారీ ఆపి వెనక వచ్చే బండ్లకి కనబడేలా చెట్టుకొమ్మలు విరిచి రోడ్డు మీద పెట్టిన డ్రైవర్, క్లీనర్, వాళ్ళు లేకపోతే వెనక నుంచి ఇంకొకటి గుద్దేది. పొలంలోంచి పరిగెత్తుకొచ్చి పాపని ఎత్తుకున్న ఆవిడ, ఆ సీటు బకిల్ ఎలా తీయాలో తోచక నేను వణుకుతుంటే ఎర్ర బటన్ గట్టిగా నొక్కమ్మా అని చెప్పిన కుర్రాడు, బైక్ మీద వెళ్తూ ఆగాడు. మా అపార్ట్‌మెంట్ మూడో ఫ్లోర్ ఆంటీ, మూడు రోజులుగా క్యారేజీ పంపుతున్నారు. ఆఫీసులో నా టీమ్, అందరూ కలిపి కొత్త సీటు ఆర్డర్ పెట్టారు, ఈసారి ఐసోఫిక్స్‌ది, రేపొస్తుంది.

క్రేన్ తమ్ముడిని మర్చిపోయా. కార్ ఎత్తే ముందు లోపలంతా వెతికి పాప బూటు ఒకటి, ఆవాల దిండు తెచ్చిచ్చాడు. వంద నోటు గురించి నాకప్పుడు గుర్తు రాలేదు, వచ్చి ఉంటే అడిగేదాన్ని. పాప లేచింది, ఉంటా.