అంగడి మూతపడితే బ్యాటు బాగుచేసేదెవరు?

సంపాదకులు గారికి,

అయ్యా,

అనంతపురం టవర్ క్లాక్ దగ్గరి పాత ఆటసామాన్ల అంగడి మూతపడిందని మొన్న మీ జిల్లా పేజీలో రాశారు. ‘ఆన్‌లైన్ దెబ్బ’ అని ఒక్క మాటతో తేల్చేశారు. బళ్లో పీఈటీగా, అంటే వ్యాయామం నేర్పే టీచరుగా పనిచేసినన్నాళ్లూ ఆ అంగడి మెట్లెక్కి దిగినవాణ్ణి. ఆ మాటను అంత తేలిగ్గా ఒప్పుకోలేకపోతున్నాను.

ఇదే మాట 2016లో అమెరికాలోనూ విన్నాను. మనవరాలు పుట్టిందని ఆ జులైలో సెలవు పెట్టి డెన్వర్ వెళ్లాను. అక్కడ స్పోర్ట్స్ అథారిటీ అనే గొలుసు దుకాణాలన్నీ మూసేస్తున్నారు. మా అబ్బాయి చూపిస్తానని తీసుకుపోయాడు. బూట్లు, బంతులు అప్పటికే ఊడ్చుకుపోయారు. సరుకు పెట్టే రాక్‌లకు, చొక్కాలు తొడిగే బొమ్మలకు కూడా ధర చీటీలు అంటించారు. ‘బొమ్మ కొందామా నాన్నా’ అని మావాడు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ఆ కథ తర్వాత తెలుసుకున్నాను. అది రెండు కంపెనీలు కలిసి ఏర్పడింది. 1928లో డెన్వర్‌లో నేథన్ గార్ట్ అనే ఆయన 50 డాలర్ల విలువచేసే చేపలు పట్టే గాలపు కర్రల శాంపిళ్లతో వ్యాపారం మొదలుపెట్టాడు. ఆ గార్ట్ దుకాణాల్లో ఏటా మంచు కాలానికి ముందు స్కీయింగ్ సామాన్లకు పెట్టే తగ్గింపు అమ్మకం పేరు ‘స్నయాగ్రాబ్’. బార్గెయిన్స్ అన్న ఇంగ్లీషు మాటను చివరి అక్షరం నుంచి చదివితే వచ్చేది అదే! మన దగ్గర బెనిఫిట్ షోకు కాచుకున్నట్టు జనం ముందు రాత్రే వచ్చి అక్కడ పడుకునేవారట. స్పోర్ట్స్ అథారిటీ మొదట్లో వేరే కంపెనీ, 1987లో ఫ్లోరిడాలో పుట్టింది. 2003లో రెండూ కలిశాయి, పేరు రెండోదే నిలిచింది.

2006లో లెనార్డ్ గ్రీన్ అనే పెట్టుబడి సంస్థ దాన్ని దాదాపు 130 కోట్ల డాలర్లకు కొన్నది. అందులో చాలా భాగం అప్పు. ఆ అప్పు కూడా కంపెనీ నెత్తినే పడింది. ఎద్దును అప్పుకు కొని, ఆ పత్రం ఎద్దు పేరునే రాయించినట్టు! 2016 మార్చి 2న దివాలా పిటిషన్ వేసేనాటికి 463 దుకాణాలు, 110 కోట్ల డాలర్ల పైచిలుకు అప్పు. ఆన్‌లైన్ పోటీ లేదనను. కానీ అదే పోటీలో డిక్స్ అనే మరో గొలుసు నిలబడింది, స్పోర్ట్స్ అథారిటీ పేరును కోటిన్నర డాలర్లకు కొనుక్కున్నదీ అదే. ఇంకో వింత. డెన్వర్ ఫుట్‌బాల్ స్టేడియానికి ఆ దుకాణం పేరే ఉండేది. దుకాణాలన్నీ పోయినా 2018 దాకా ఆ బోర్డులు దిగలేదు.

మన అంగడికి అలాంటి అప్పులేమీ లేవు. దానికి ఆధారం మన బడులు. సమగ్ర శిక్ష అనే కేంద్ర పథకం కింద ఆటలకు ఏటా ప్రాథమిక పాఠశాలకు 5 వేలు, ప్రాథమికోన్నతకు 10 వేలు, ఉన్నత పాఠశాలకు 25 వేల దాకా ఇచ్చే వీలుంది. డబ్బు బడి చేతికి వచ్చినప్పుడు నేనే అంగడికి పోయి, వాలీబాల్ నొక్కి చూసి, నెట్టు లాగి చూసి తెచ్చేవాణ్ణి. నా సర్వీసు ఆఖర్లో ఒక ఏడు డబ్బుకు బదులు సీలు వేసిన కిట్టు దిగింది. వాలీబాల్ నాలుగో రోజుకే కుట్లు విడిచింది. బ్యాట్లు చూస్తే చిన్నపిల్లల సైజు, మావాళ్లేమో తొమ్మిది, పది చదివేవాళ్లు. మార్పించుకుందామంటే పెట్టె మీద ఫోన్ నెంబరే తప్ప ఎదురుగా మనిషి లేడు.

అంగడాయన సంగతి వేరు. చీలిక పట్టిన బ్యాటు ఇస్తే చెక్క సుత్తితో తట్టి, చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు. ‘పైపైనే చీలింది సార్, లోపల గట్టిగా ఉంది. దారం చుట్టిస్తా, ఇంకో రెండేండ్లు వస్తాది’ అనేవాడు. కొత్తది అంటగట్టినా నేను కాదనేవాణ్ణి కాదు, కానీ ఆయన ఆ పని చేయలేదు. కొత్త బ్యాటుకు అవిసె నూనె పట్టించి, నాకింగ్ చేశాకే, అంటే చెక్క సుత్తితో మెల్లగా తట్టి గట్టిపరచాకే, మ్యాచ్‌కు దించాలని మా పిల్లలకు నేర్పింది ఆయనే, నేను కాదు.

2024 సెప్టెంబరులో ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) మైదానంలో దులీప్ ట్రోఫీ క్రికెట్ జరిగితే ఊరంతా కదిలింది. రఫెల్ నాదల్ ఫౌండేషన్ 2010లోనే ఇక్కడ టెన్నిస్ నేర్పడం మొదలుపెట్టింది. ఇలాంటి ఊళ్లో మామూలు బడిపిల్లవాడి రాకెట్ గట్టింగ్ (తీగల అల్లిక) తెగితే బెంగళూరు బస్సెక్కాలా? ఆటసామాన్లు అమ్మే అంగళ్లు ఇంకా ఉన్నాయి. నాకు తెలిసినంతలో బాగుచేసేవాళ్లే లేరు.

పోయిన వారం ఆయన ఇంటికి వెళ్లాను. కొడుకు బెంగళూరులో సాఫ్ట్‌వేర్. గట్టింగ్ మిషన్‌ను మాత్రం అమ్మకుండా వరండాలో గోనెపట్టా కప్పి పెట్టుకున్నాడు. ‘ఎవరన్నా రాకెట్లు తెస్తే పంపు సార్, ఊరికే కూర్చోలేకపోతున్నా’ అన్నాడు. పంపొచ్చు. కానీ రిపేరు బిల్లు పెడితే ఆడిట్‌లో కొర్రీ వేస్తారని హెడ్మాస్టర్ల భయం. ఆటల గ్రాంటు బడి ఖాతాలోనే వేసి, దగ్గర్లోని అంగడిలో చూసి కొనుక్కోవచ్చని, బాగుచేయించిన కూలికీ బిల్లు చెల్లుతుందని విద్యాశాఖ ఒక ఉత్తర్వు ఇస్తే చాలు. ఇది బడి తెరిచేలోపు జరగాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు,
అనంతపురం