నాన్న ఇంటికొచ్చాడు, మిరపకాయా ఆగం కాలేదు: మా ఊరికి కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. 2025 ఫిబ్రవరి మొదట్లో మా నాన్నకు గుండెపోటు వచ్చిన సంగతి మీలో చాలామందికి తెలుసు. గుంటూరులో బైపాస్ చేశారు. శివరాత్రికి ముందే ఇంటికి తీసుకొచ్చాం. ఉగాది కూడా దాటింది. ఇప్పుడు పొద్దునా సాయంత్రం బజారు చివరి దాకా నడుస్తున్నాడు, చప్పిడి కూరల గురించి అమ్మతో గొడవ పడుతున్నాడు. అంటే బాగున్నట్టే. ఫోన్ చేసిన ప్రతి ఒక్కరికీ విడిగా చెప్పడం నా వల్ల కాక, చెప్పాల్సింది కూడా చాలా ఉండి, ఇక్కడ రాస్తున్నాను.

ముందే ఒక మాట. ఇందులో ఎవరి పేరూ ఉండదు. ఊరి పేరు కూడా రాయను, నరసరావుపేటకూ చిలకలూరిపేటకూ మధ్యలో ఒక ఊరు అనుకోండి చాలు. సాయం చేసినవాళ్లలో సగం మంది పేరు రాయొద్దని వాళ్లే అడిగారు. "నా పేరు పెట్టమాక అమ్మాయ్, రేపు మావాళ్లకి సమాధానం చెప్పుకోలేక చావాలి" అన్నాడొకాయన. నవ్వుతూనే అన్నాడు గానీ ఊరికే అనలేదు. మాది ఏ పార్టీ అన్నదీ రాయను. ఊళ్లోవాళ్లకు తెలుసు, బయటివాళ్లకు అక్కర్లేదు.

హైదరాబాద్‌లో మా ఆఫీసువాళ్లకు పల్నాడు అంటే టీవీలో చూసిందే. 2024 మే 13 పోలింగ్, ఆ రోజూ ఆ తర్వాతా జరిగిన దాడులు, పాల్వాయి గేటు బూత్‌లో పగిలిన ఈవీఎం, 144 సెక్షన్, మాచర్లలో షట్టర్లు దించుకున్న కొట్లు, సీసాల్లో పెట్రోలు పొయ్యొద్దని బంకులకు ఆర్డర్లు. అవన్నీ నిజమే. 2019 ఎన్నికల తర్వాత ఒక పార్టీవాళ్లు ఊళ్లు వదిలి గుంటూరులో శిబిరంలో తలదాచుకున్నారు. 2024 తర్వాత ఊళ్లు వదలడం రెండో పార్టీవాళ్ల వంతయింది. ఎవరు ఎక్కువ చేశారన్న లెక్క ఇక్కడ మొదలుపెట్టొద్దని మనవి. ఆ కామెంట్లు చదివే ఓపిక నాకు లేదు.

మా ఊళ్లో తలకాయలు పగల్లేదు. మా దగ్గర విడిపోవడం ఇంకో రకం. టీ కొట్లు రెండు. వినాయకుళ్లు ఇద్దరు. కోటప్పకొండ శివరాత్రి తిరనాళ్లకు ఎత్తుగా కట్టి తీసుకెళ్లే ప్రభలు రెండు. పెళ్లి కార్డులు పంచేటప్పుడు కొన్ని గడపలు దాటేస్తారు. అవతలివాళ్లింట్లో ఎవరైనా పోతే మనిషి వెళ్లొస్తాడు, దినానికి మాత్రం చెయ్యి కడగడు. కులం చూడకుండా అందరినీ కలిపి కూర్చోబెట్టి అన్నం పెట్టిన పలనాటి బ్రహ్మనాయుడి చాపకూడు గురించి మాచర్ల నుంచి నరసరావుపేట దాకా ప్రతి మైకులోనూ చెప్తారు, కింద కూర్చుని వినేవాళ్లు మాత్రం దినం భోజనానికి పార్టీ చూసుకుంటారు.

నన్నడిగితే ఊరిని ఇంతగా చీల్చేది ఎమ్మెల్యే ఎన్నిక కాదు, సర్పంచి ఎన్నిక. దానికి చట్టప్రకారం పార్టీ గుర్తులుండవు, కత్తెరో ఉంగరమో ఇస్తారు. కానీ వార్డు చిన్నది. ఏ ఇంట్లో ఎన్ని ఓట్లున్నాయో, ఎవరి ఓటు ఎటు పోయిందో రాత్రికల్లా అరుగుల మీద లెక్క తేలిపోతుంది. ఎమ్మెల్యేకు ఓటెయ్యకపోతే ఆయనకు తెలియదు. సర్పంచిగా నిలబడిన పక్కింటాయనకు మాత్రం తెలుస్తుంది. 2021 ఫిబ్రవరి ఎన్నికల్లో మా కల్లం పక్క కల్లం రైతు బావమరిది ఒక వైపు, మా నాన్న బలపరిచిన మనిషి ఇంకో వైపు. అప్పటి నుంచీ మా నాన్నకూ ఆ రైతుకూ మాటల్లేవు. ఆయన్ను నేను చిన్నప్పటి నుంచీ బాబాయ్ అనే పిలిచాను. వాళ్ల పిల్లలూ నేనూ ఒకే ఆటోలో స్కూలుకెళ్లాం. ఆ తర్వాత నాలుగేళ్లు ఊరికొచ్చినప్పుడు ఎదురుపడితే తల ఊపడమే.

ఆ రోజు కల్లంలో నాన్న ఒక్కడే ఉన్నాడు. మధ్యాహ్నం, కాయ తిరగేస్తూ ఛాతీ పట్టుకుని టిక్కీల (కాయ బస్తాల) మీద కూర్చుండిపోయాడట. చూసింది బాబాయే. గట్టు దాటి వచ్చి, ఏమైందని కూడా అడక్కుండా, ముందు ఊళ్లో ఆర్ఎంపీకి ఫోన్ చేశాడు. ఆర్ఎంపీ బండి మీద కల్లానికే వచ్చి బీపీ చూసి, మాత్రలు నమిలించి, ఇక్కడ పెట్టుకోవద్దు, పేటకు పోనీండి అన్నాడు. ఈ ఆర్ఎంపీ గురించి ఒక్క మాట చెప్పాలి. మా ఊళ్లో రెండు టీ కొట్లలోనూ టీ తాగే మనిషి ఆయన ఒక్కడే. రెండు పార్టీల బీపీలూ ఆయనకే తెలుసు. డాక్టరుగారూ, ఆ పది నిమిషాలు మీరు ఆలస్యం చేయలేదు కాబట్టే ఇదంతా రాయగలుగుతున్నాను. గుంటూరులో పెద్ద డాక్టరు కూడా ఆ మాటే అన్నారు.

నరసరావుపేట దాకా కారు బాబాయిదే, నడిపింది ఆయన కొడుకు. ఈసీజీ తీసి, అంబులెన్సులో గుంటూరు పంపించారు. అమ్మ ఏడుస్తూ నాకు ఫోన్ చేసి ముందు నాన్న సంగతి చెప్పింది, ఆ తర్వాత కారు ఎవరిదో చెప్పింది. రెండోది నాకు ఎక్కడానికి కాస్త టైమ్ పట్టింది.

మూడు చోట్ల బ్లాకులున్నాయి, ఆపరేషనే మార్గం అన్నారు. రక్తం ఇచ్చేవాళ్లను చూసుకోమన్నారు. మా ఊరికి వాట్సాప్ గ్రూపులు కూడా రెండే. నేనున్నది ఒకదాంట్లోనే కాబట్టి అందులోనే మెసేజ్ పెట్టాను. ఎవరు స్క్రీన్‌షాట్ తీసి అటు వేశారో నాకిప్పటికీ తెలియదు. మర్నాడు పొద్దున బ్లడ్ బ్యాంకు దగ్గర రెండు గ్రూపుల కుర్రాళ్లూ దిగారు. బయట మెట్ల మీద వీళ్లు ఈ చివర, వాళ్లు ఆ చివర. ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకోలేదు. లోపలికి పిలిచాక పక్కపక్క మంచాలే ఇచ్చారు మరి, ఏం చేస్తారు. రక్తం ఇచ్చాక ఇచ్చే ఫ్రూటీ దగ్గర మాత్రం ఒకడు ఇంకొకడికి స్ట్రా అందించడం నేను చూశాను. తమ్ముళ్లూ, మీ అందరికీ చాలా చాలా థాంక్స్. బండ్ల మీద అంత దూరం పొద్దున్నే మంచులో వచ్చారు. పెట్రోలు డబ్బులు ఇస్తానంటే ఒక్కరూ తీసుకోలేదు.

ఇక కాయ సంగతి. మిరప వేసినవాళ్లకు చెప్పక్కర్లేదు, వెయ్యనివాళ్ల కోసం చెప్తాను. ఫిబ్రవరి అంటే మాకు ఊపిరి ఆడని నెల. కోసిన కాయ కల్లంలో ఆరాలి. పొద్దున్నే పట్టా తీసి పరచాలి, మధ్యాహ్నం తిరగెయ్యాలి, పొద్దుగూకేసరికి కుప్ప చేసి మంచు పడకుండా మళ్లీ పట్టా కప్పాలి. రెండు మూడు రాత్రులు వదిలేస్తే కాయ రంగు పోతుంది, తెల్ల మచ్చ పడి తాలు కింద లెక్కేస్తారు, సగం రేటు కూడా రాదు. అటు చేలో రెండో కోతకు కాయ పండి నిలబడి ఉంది. మాది మూడెకరాలు. నాన్న ఐసీయూలో, అమ్మా నేనూ బయట కుర్చీల్లో. నాకు తోడబుట్టినవాళ్లు లేరు. కాయ పోయినట్టే అనుకున్నాం. నిజం చెప్పాలంటే అనుకునే తీరిక కూడా లేదు.

కల్లంలో కాయను మొదటి రాత్రే బాబాయ్ వాళ్లు కుప్ప చేసి కప్పారు. ఆ తర్వాత అది ఎవరు ఎవరికి అప్పజెప్పారో గానీ, మా వీధి ఆడవాళ్లూ వాళ్ల వీధి ఆడవాళ్లూ వంతులేసుకున్నారు. పొద్దున పరిచేది ఒకళ్లు, సాయంత్రం కప్పేది ఇంకొకళ్లు. ఇద్దరూ ఒకే సమయానికి కల్లంలో ఉండకుండా భలే కుదుర్చుకున్నారని మా పిన్ని చెప్పింది. రెండో కోతకు కూలీలే దొరకలేదు. ఆ రోజుల్లో ముఠా దొరకడమంటే మాటలా? ఒక కోత ముఠా బాబాయ్ చేలో దిగాల్సి ఉంది. ఆయన మేస్త్రమ్మతో "ముందు వాళ్లది కొయ్యండి, మాది ఆగుద్ది" అన్నాడట. పండిన కాయ ఆగుద్దా? ఆగదు. ఆయన చేలో చివరి రెండు రోజుల కోతలో తాలు ఎక్కువ పడిందని తర్వాత ఇంకెవరో చెప్తే తెలిసింది. ఆయన చెప్పలేదు. బాబాయ్, ఆ నష్టం లెక్క కట్టి ఇస్తానంటే మీరు తిడతారని తెలుసు కాబట్టి అడగట్లేదు. నాకు తెలుసని మాత్రం మీకు తెలియాలి.

రేటు సంగతి అందరికీ గుర్తుండే ఉంటుంది. అంతకుముందు క్వింటా 20,000 దాటి చూసిన కాయ 2025లో సగానికి సగం పడింది. కేంద్రం క్వింటాకు 11,781 రూపాయల ధర ప్రకటించిన రోజులవి. గుంటూరు మిర్చి యార్డు చుట్టూ రాజకీయం వేడి మీదుంది. అమ్మాలా, ఏసీలో (కోల్డ్ స్టోరేజీలో) పెట్టాలా? బాబాయ్ ఈ మాట నాన్నను అడగాలి, కానీ మాటల్లేవు. నాకు ఫోన్ చేశాడు. అప్పటికి నాన్నను రూముకు మార్చారు. స్పీకర్ పెట్టాను.

"అమ్మాయ్, మీ నాన్ననడుగు. అమ్ముదామంటాడా, ఏసీలో పెడదామంటాడా?"

నాన్న కళ్లు తెరవకుండానే, "తేమ ఎంతుందో అడుగు" అన్నాడు.

"తేమ చూశా, బాగా ఆరిందని చెప్పు."

"తాలు ఏరారో లేదో అడుగు."

"ఏరకుండా ఎట్టా కడతాం, నాకా చెప్పేదని చెప్పు."

ఇద్దరికీ ఒకళ్ల మాట ఒకళ్లకు వినపడుతూనే ఉంది. నేను ఫోన్ పట్టుకుని మధ్యలో నిలబడ్డాను, చెప్పడానికి నాకేం మిగల్లేదు. నర్సమ్మ వచ్చి పేషెంటును మాట్లాడించొద్దని కోప్పడింది. చివరికి సగం అమ్మేట్టు, సగం ఏసీలో పెట్టేట్టు తేలింది. సరుకు వాళ్ల లారీలోనే వెళ్లింది. తక్ పట్టీ (అమ్మకం చీటీ), డబ్బు లెక్క, లారీ కిరాయి, కూలీ, గోతాల ఖర్చు అన్నీ ఒక నోటుబుక్కు కాగితం మీద రాసి మా అమ్మ చేతికిచ్చారు. దాంట్లో వాళ్ల సొంత కష్టానికి ఒక్క రూపాయి రాసుకోలేదు.

నాన్నను ఇంటికి తెచ్చేసరికి తిరనాళ్ల హడావుడి. శివరాత్రి ఫిబ్రవరి 26న. ఊళ్లో రెండు ప్రభలూ లేస్తున్నాయి, నాయకుల ఫోటోలు, కరెంటు బల్బులు, పాటలు. అవతలివాళ్ల ప్రభ కట్టేది మా ఇంటి మలుపులోనే. చప్పుడు తగలకూడదని డాక్టరు చెప్పారు. వెళ్లి అడగాలంటే అమ్మకు మొహమాటం, నాకు టెన్షన్. అడగకముందే వాళ్లే సౌండు బాక్సులు ఊడదీసి బడి వైపుకు మార్చేసుకున్నారు. మా ఇంటి ముందు నుంచి ప్రభ కదిలేటప్పుడు పాట ఆపి, "చేదుకో కోటయ్యా" అని నోటితో అనుకుంటూ వెళ్లారు. మనవాళ్ల ప్రభ మాత్రం తెల్లారేదాకా మోగింది. మీక్కూడా థాంక్స్ తమ్ముళ్లూ, ఆ రాత్రి మీ గురించి నాన్న అన్న మాటలు ఇక్కడ రాయలేను.

రెండు వైపుల పెద్దమనుషులూ వేరువేరు రోజుల్లో ఆస్పత్రికొచ్చారు. పండ్లు తెచ్చారు, మంచం పక్కన ఫోటోలు దిగారు, పెట్టుకున్నారు. పండ్లకు కృతజ్ఞతలు.

హైదరాబాద్‌లో నా పని కూడా కలిపి చేసిన టీమ్‌కు, ఐసీయూ బయట అమ్మకు దుప్పటి ఇచ్చి పేరు కూడా చెప్పని ఆవిడకు, మా గేదెను ఇన్నాళ్లూ పితికి, పాలు కేంద్రంలో పోసి, ఆ లెక్క పైసాతో సహా ఇచ్చిన పిన్నికి, దండాలు.

ఊరు మారిపోయిందా అని మా ఆఫీసులో ఒకరు అడిగారు. లేదండీ. టీ కొట్లు ఇప్పటికీ రెండే. మొన్న ఉగాదికి అమ్మ పచ్చడి గిన్నె పట్టుకుని బాబాయ్ వాళ్లింటికి వెళ్లింది, పెరటి దారిన. పిన్నమ్మ కూడా గిన్నె ఖాళీగా పంపలేదు, బూరెలు పెట్టి పంపింది. నాన్న ఒకటి తిన్నాడు (డాక్టరుగారూ, ఒక్కటే). రేపు పంచాయతీ ఎన్నికలొస్తే ఎవరు ఎటు ఉంటారో ఇప్పుడే చెప్పగలను, మీరూ చెప్పగలరు. అయినా ఈ నాలుగు మాటలు రాసి పెట్టాలనిపించింది.

చివరిగా ఒక పని. మా కల్లంలో నీలం పట్టాలు నాలుగు మిగిలిపోయాయి, అవి మావి కావు. మావాళ్లను అడిగితే అవతలివాళ్లవి అంటున్నారు, వాళ్లను అడిగితే మీవాళ్లవే అంటున్నారు. ఒకదాని మూలకు ఎర్ర దారంతో కుట్టు ఉంది. ఎవరివో వాళ్లొచ్చి తీసుకెళ్లండి. వచ్చే ముందు అమ్మకు ఫోన్ చెయ్యండి, నాన్నకు చెప్పొద్దు. నేనొచ్చి చూపిస్తానని కల్లానికి బయల్దేరతాడు.