కిడ్నీ రోగికి పూర్వజన్మ కర్మ చెప్పకండి

ఎడిటర్ గారికి,

మా సోంపేట వైపు ప్రవచనాల్లో చివరికి ఎవరో ఒకరు లేచి అడిగే ప్రశ్న ఉంది, దేవుడు అంత దయగలవాడైతే మా ఉద్దానం ప్రాంతానికి, ఊరూరా ఎందరినో పట్టిన ఈ కిడ్నీ జబ్బు ఎందుకిచ్చాడని. వచ్చే జవాబు, పూర్వజన్మ కర్మ, అనుభవించాల్సిందే. నేను దేవుణ్ని నమ్మేవాణ్నే, రథసప్తమికి అరసవల్లి వెళ్లేవాణ్నే, అయినా ఆ జవాబు వింటే ఒళ్లు మండుతుంది.

మనిషి చేసే చెడుకు దేవుణ్ని నిలదీయలేం, ఒప్పుకుంటాను. గీత అంతా చెప్పాక కృష్ణుడు అర్జునుడితో ‘యథేచ్ఛసి తథా కురు’ అన్నాడు, బాగా ఆలోచించుకుని నీ ఇష్టం వచ్చినట్టు చెయ్యి అని. కాబట్టి లంచం తినేవాడు శివుడి ఆజ్ఞ లేనిదే చీమైనా కుట్టదని చెప్పి తప్పించుకోలేడు.

కానీ ఏ చెడు అలవాటూ లేకుండా కవిటి కొబ్బరితోటల్లో కూలి చేసుకుంటూ, ఇప్పుడు వారం వారం డయాలసిస్‌కి తిరుగుతున్న మనిషి తన ఇష్టంతో ఏం చేశాడండీ? నీళ్లా, ఎండా, పురుగుమందులా, ఇన్నేళ్ల పరిశోధన తర్వాత కూడా కారణం ఇదీ అని తేలలేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను కొబ్బరి, జీడి తోటల్ని కూల్చినప్పుడు కూడా అంతే, పూజలు చేసేవాడి తోట, చెయ్యనివాడి తోట అని చూడలేదు.

దేవుడికి పక్షపాతం ఉందా, క్రూరత్వం ఉందా అని వేదాంతానికి మూలగ్రంథమైన బ్రహ్మసూత్రాల్లోనే చర్చ ఉంది. ఆదిశంకరులు తన భాష్యంలో అక్కడ వానను చూపించారు, వాన అందరికీ ఒకటే, పంట మాత్రం విత్తనాన్ని బట్టి, ఆ విత్తనమే కర్మ. గొప్ప వాదనే, కాదనను. కాకపోతే దేవుడి మీద పడాల్సిన నింద అక్కణ్నుంచి జారి రోగి నెత్తిన పడుతోంది, అదీ తనకు గుర్తే లేని తప్పుకి, దిద్దుకునే దారే లేని తప్పుకి! అందరూ కర్మ అని ఊరుకుని ఉంటే 2023లో పలాసకి కిడ్నీ ఆసుపత్రి వచ్చేదా? జనం ఏళ్ల తరబడి అడగబట్టి వచ్చింది.

ఇలా అడగడం నాస్తికత్వం అని కొందరు కోప్పడతారు. పోతన గజేంద్రుడు మొసలి పట్టులో ఉండి ‘కలడు కలండనెడివాడు కలడో లేడో’ అన్నాడు, ఆ అనుమానం విన్నాక కూడా విష్ణువు వచ్చాడు కదా.

ప్రవచనకర్తలకు నా మనవి ఒకటే. ఆ సభలో డయాలసిస్ చేయించుకుని వచ్చినవాళ్లు, వాళ్ల ఇంటివాళ్లు కూర్చుని ఉంటారు, ఈసారి ఆ ప్రశ్న వస్తే కర్మ అనకుండా, నాకు తెలీదు అని చెప్పండి.

– ఒక పాఠకుడు, సోంపేట, శ్రీకాకుళం జిల్లా